ఒక్కరి వంట కూడా వంటే



దీపావళి దాటితే మన ఎమ్మిగనూరు, ఆదోని, కోసిగి, పెద్దకడుబూరు వైపు పల్లెల్లో వీధులు ఖాళీ అవుతాయి. పని చేయగలిగిన వాళ్లు సుగ్గికి బయలుదేరతారు. కొందరు గుంటూరు వైపు మిరపకాయ కోతలకు, కొందరు బెంగళూరు, హైదరాబాదు నగరాలలో కట్టడం పనులకు వెళ్తారు. ఎక్కువమంది తిరిగి వచ్చేది ఉగాదికే. అంతవరకు ఇంటికి కాపలాగా అవ్వో, తాతో మిగులుతారు. వలస లేని ఇళ్లలో కూడా ఒంటరివారు ఉన్నారు. భర్త పోయిన తల్లులు, భార్య పోయిన పెద్దలు, గది అద్దెకు తీసుకుని ఉద్యోగం చేసుకునేవారు, వీరందరిదీ ఒక్కరి వంటే. ఈ సంచికలో వారి తిండి గురించి తెలుసుకుందాము.

ఇది ఆసుపత్రి విషయమా?

తప్పకుండా ఆసుపత్రి విషయమే. వార్డులో చేరిన పెద్దవారిని మేము బి.పి. చూసిన తరువాత, "నిన్న ఏమి తిన్నారు?" అని అడుగుతాము. "ఒక్కదానికేం వంట సిస్టరమ్మా, టీలో రెండు బిస్కెట్లు ముంచుకొని తిని పండుకున్నా" అనే జవాబు మాకు కొత్త కాదు. ఇంకొందరు పొద్దున ఒకేసారి అన్నం వండి, ఊరగాయతో మూడు పూటలు గడుపుతారు. కడుపు నిండుతుంది గాని ఒంటికి బలం రాదు.

ఇలా గడిపితే మూడు కీడులు జరుగుతాయి.

1. కండ కరిగిపోతుంది. వయసు పైబడిన వారిలో కండ తగ్గితే కాళ్లు తడబడతాయి, పడిపోతారు. గాజులు, చెప్పులు, జాకెట్టు వదులు కావడం దీని గుర్తు. 50 కిలోల మనిషి ప్రయత్నం లేకుండానే ఆరు నెలల్లో రెండున్నర కిలోలు తగ్గితే డాక్టరుకు చూపించాలి.

2. ఊరగాయ, అప్పడం, కారంపొడులతో ఉప్పు ఎక్కువ చేరుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు రోజుకు 5 గ్రాముల లోపు, అంటే అన్నిటిలో కలిపి ఒక టీ చెంచాకు మించకూడదు. బి.పి. ఉన్నవారికి ఇది మరీ ముఖ్యము.

3. చక్కెర వ్యాధికి ఇన్సులిన్ గాని, కొన్ని రకాల మాత్రలు గాని వేసుకుని భోజనం మానితే రక్తంలో చక్కెర పడిపోతుంది. చెమటలు, వణుకు, గుండె దడ, కళ్లు తిరగడం, మాట తడబడడం వస్తాయి. ఇంట్లో ఇంకొకరు ఉంటే గమనిస్తారు. ఒంటరిగా ఉంటే గమనించేవారు ఉండరు. ఈ గుర్తులు కనిపించిన వెంటనే మూడు టీ చెంచాల చక్కెర నీళ్లలో కలుపుకొని తాగాలి. పదిహేను నిమిషాల్లో తగ్గకపోతే మళ్లీ తాగాలి. తగ్గిన తరువాత ఏదైనా తినాలి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకురావాలి.

గనుక ఒక్కరి కోసం పొయ్యి వెలిగించడం వృథా శ్రమ కాదు. మందు సరిగా పనిచేయాలన్నా ఆ భోజనం కావాలి.

పొడిది నిలుస్తుంది, తడిది చెడుతుంది

ఒంటరివారు చెప్పే కష్టం ఇదే. "కొంచెమే వండితే వంట కుదరదు, ఎక్కువ వండితే పారేయాలి." దీనికి మన పెద్దల వంటింట్లోనే జవాబు ఉంది. పొడి సరుకులు నిలువ పెట్టుకోవాలి, తడి పదార్థము ఆ పూటకు కొలిచి వండుకోవాలి.

దీని వెనుక కారణం ఉంది. సూక్ష్మజీవులు పెరగాలంటే తడి, వెచ్చదనం, సమయం కావాలి. 5 డిగ్రీల చలికి, 60 డిగ్రీల వేడికి మధ్యన అవి త్వరగా పెరుగుతాయి. మన ప్రాంతంలో ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది గనుక మన వంటిల్లు వాటికి చాలా అనుకూలము. అందుకే వండిన పదార్థాన్ని బయట రెండు గంటలకు మించి ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది.

అన్నం విషయంలో ఇంకొక మాట. బియ్యంలో బాసిల్లస్ సిరియస్ అనే సూక్ష్మజీవి విత్తనాల వంటి రూపంలో ఉంటుంది. అన్నం ఉడికినా ఆ విత్తనాలు చావవు. అన్నం గంటల తరబడి వెచ్చగా ఉంటే అవి మొలిచి విషం తయారు చేస్తాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. "బాగా వేడి చేశాము కదా, ఏమీ కాదు" అనుకోవడానికి లేదు. పొద్దుటి అన్నాన్ని రాత్రి చిత్రాన్నం చేసినంత మాత్రాన అది తాజా అన్నం కాదు.

మరి సద్దన్నం సంగతి ఏమిటి అని మీరు అడుగుతారు. సద్దన్నం అంటే ఊరికే మిగిలిపోయిన అన్నం కాదు. రాత్రి వండిన అన్నం చల్లారిన వెంటనే శుభ్రమైన గిన్నెలో, కాచి చల్లార్చిన నీళ్లు పోసి, ఒక చెంచా మజ్జిగ కలిపి మూత పెట్టాలి. మజ్జిగలోని మేలు చేసే సూక్ష్మజీవులు పులుపు పుట్టిస్తాయి. ఆ పులుపు కీడు చేసేవాటిని చాలావరకు అణచి ఉంచుతుంది. తెల్లవారగానే తినాలి, మధ్యాహ్నానికి దాచకూడదు. జిగురు కనిపించినా, వాసన మారినా పారేయాలి. విరేచనాలు, జ్వరం ఉన్నవారు సద్దన్నం తినకపోవడమే మంచిది.

ఒక్కరికి కొలత

కొలత లేకపోవడం వల్లనే ఎక్కువ మిగులుతుంది. ఒక చిన్న టీ గ్లాసును కొలతగా బియ్యం డబ్బాలోనే ఉంచండి. ఒక పూటకు,

బియ్యం: ఒక చిన్న టీ గ్లాసు నిండుగా, సుమారు 90 నుండి 100 గ్రాములు.
జొన్నపిండి: రెండు రొట్టెలకు సుమారు 100 గ్రాములు.
కందిపప్పు: ఒక గుప్పెడు, సుమారు 30 గ్రాములు.
ఆకుకూర: తరిగిన తరువాత రెండు పెద్ద గుప్పిళ్లు.
వేరుశనగ విత్తనాలు: ఒక గుప్పెడు, సుమారు 30 గ్రాములు.

ఇది సగటు కొలత. పొలం పని, మగ్గం పని చేసేవారు ఆకలిని బట్టి పెంచుకోవాలి.

ఒక చిన్న లెక్క చూద్దాము. 50 కిలోల మనిషికి రోజుకు సుమారు 40 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 100 గ్రాముల బియ్యంలో 8, జొన్నపిండిలో 10 గ్రాములు వస్తాయి. రెండూ కలిపి 18 మాత్రమే, సగం కూడా రాలేదు. గుప్పెడు కందిపప్పుతో 6 లేక 7, గుప్పెడు వేరుశనగలతో 7, ఒక గ్లాసు పెరుగుతో 6 గ్రాములు కలిస్తే 37 దాటుతుంది. ఒక గుడ్డు తింటే ఇంకొక 6. ఊరగాయ అన్నానికీ, పప్పు అన్నానికీ తేడా ఇదే. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం పప్పు, గుడ్డు ఎంత తినాలో డాక్టరును అడిగి తెలుసుకోవాలి.

ఒక రోజు వంట

మేము చెప్పే పద్ధతి ఇది. ఒక పూట అన్నం, ఒక పూట రొట్టె. అప్పుడు పొద్దుటి అన్నం రాత్రికి దాచే పనే ఉండదు.

ఉదయము: ఉగ్గాని. ఒక్కరికి ఇంతకంటే సులువైన పలహారం లేదు. పిండి రుబ్బే పని లేదు, పులియబెట్టే పని లేదు. నాలుగు పెద్ద గుప్పిళ్ల బొరుగులు నీళ్లలో తడిపి పిండి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, టమోటా, పసుపు వేసిన తాలింపులో కలిపి, పైన పుట్నాల పొడి చల్లితే పది నిమిషాల్లో అవుతుంది. వట్టి బొరుగులలో బలం తక్కువ. పుట్నాల పొడి రెండు చెంచాలు ఎక్కువే వేసుకోండి. బజ్జీలు ఎప్పుడో ఒకసారి చాలు.

మధ్యాహ్నము: ఒకే కుక్కరులో రెండు గిన్నెలు. ఒక దానిలో బియ్యం, ఇంకొక దానిలో పప్పు, ఆకుకూర, టమోటా. పప్పు గంట ముందు నానబెడితే త్వరగా ఉడుకుతుంది, గ్యాసు కూడా కలిసి వస్తుంది. ఉడికిన పప్పులో ఉప్పు, చింతపండు వేసి మెదిపి తాలింపు పెట్టడమే మిగిలిన పని. వంట అలవాటు లేని మగవారు కూడా రెండు రోజుల్లో నేర్చుకోగలరు. పుంటికూర, పాలకూర, మునగాకు ఏదైనా సరే. భోజనం చివర మజ్జిగ.

రాత్రి: రెండు జొన్నరొట్టెలు, చెనక్కాయల పొడి, పెరుగు, ఒక ఉల్లిగడ్డ. వీలైన రోజు ఉడికించిన గుడ్డు. పళ్లు లేనివారు రొట్టెను మజ్జిగలో నానబెట్టుకోవచ్చు.

రోజూ రొట్టె తట్టలేనివారు వారానికి రెండుసార్లు ఎక్కువ చేసి, పెనం మీద సన్నని మంటపై తడి పోయి కరకరలాడేవరకు ఎండనివ్వాలి. బాగా చల్లారిన తరువాత గుడ్డలో చుట్టి డబ్బాలో పెడితే కొన్ని రోజులు నిలుస్తాయి. మన నల్లరేగడి సీమ జనం దూరప్రయాణాలకు ఇలాంటి రొట్టెలే కట్టుకుని వెళ్లేవారు. మెత్తని రొట్టె మిగిలితే మరుసటి ఉదయం ముక్కలు చేసి, ఉల్లిగడ్డ తాలింపులో నీళ్లు చల్లి మగ్గిస్తే మంచి పలహారం అవుతుంది.

మిగిలిన సరుకును వాడుకోవడం

* సంతలో ఆకుకూర కట్ట ఒక్కరికి ఎక్కువే. సగం ఆ రోజు పప్పులో వేసి, సగాన్ని కడగకుండా తడిగుడ్డలో చుట్టి నీడన ఉంచితే మరుసటి రోజు వేపుడుకు వస్తుంది. మునగాకు మిగిలితే నీడన ఎండబెట్టి పొడి చేసుకోవచ్చు.

* టమోటాలు, వంకాయలు చౌకగా ఉన్నప్పుడు సన్నగా తరిగి ఎండబెట్టి వరుగులు చేసుకోండి. నాలుగు ముక్కలు పప్పులో వేస్తే ఆ పూటకు కూర అయినట్లే.

* పుట్నాల పొడి, చెనక్కాయల పొడి, గురెళ్ల పొడి వారానికి సరిపడా మాత్రమే కొట్టుకోండి. ఉప్పు తక్కువ వేయండి. పొడి చెంచానే వాడండి.

* బూజు పట్టిన, ముడతపడిన, చేదుగా ఉన్న వేరుశనగలను తినకూడదు. ఆ బూజు పుట్టించే అఫ్లాటాక్సిన్ అనే విషం కాలేయానికి హాని చేస్తుంది. వేయించినా అది పూర్తిగా పోదు. బాగున్నవి ఏరుకుని తినండి, చెడినవి పారేయండి.

* ఫ్రిజ్ ఉన్నవారు మిగిలిన పప్పును రెండు గంటల లోపల చిన్న గిన్నెలో పెట్టి, రాత్రికి పొంగువచ్చేలా మరిగించి తినవచ్చు. ఒకసారి వేడి చేసినదాన్ని మళ్లీ దాచవద్దు. కరెంటు ఎక్కువసేపు పోయే ఊళ్లలో ఫ్రిజ్‌ను పూర్తిగా నమ్మకూడదు.

* కోడికూర ఒక్కరికి పావు కిలో చాలు. ఫ్రిజ్ లేకపోతే మిగిలినది అప్పుడే పొరుగింటికి పంపడం మేలు. మరుసటి రోజు అది మీకూ పనికిరాదు.

ఖర్చు మాట

రేషను కార్డులో పేరున్న మనిషికి ఆహార భద్రత చట్టం కింద నెలకు 5 కిలోల బియ్యం వస్తుంది. మన కొలత ప్రకారం రోజుకు ఒక పూట అన్నానికి నెలకు మూడు కిలోలు చాలు. అర్హులైన వృద్ధులకు రాష్ట్ర ప్రభుత్వ పింఛను 2024 జూలై నుండి నెలకు 4,000 రూపాయలు అయింది. పింఛను వచ్చిన రోజే కిలో కందిపప్పు, కిలో వేరుశనగలు, పుట్నాలు, జొన్నలు కొని పెట్టుకోండి. రోజుకు గుప్పెడు పప్పు చొప్పున నెలకు కిలోకు లోపే సరిపోతుంది. మిగిలిన ఖర్చులు ఆ తరువాత. బిస్కెట్ ప్యాకెట్లకు పెట్టే డబ్బుతో ఎన్ని గుడ్లు వస్తాయో ఒకసారి లెక్క చూసుకోండి.

ఇద్దరు ఒంటరివారు కలిస్తే

పక్క పక్క ఇళ్లలో ఇద్దరు ఒంటరిగా ఉంటే, ఒకరు రొట్టెలు తట్టి, ఇంకొకరు పప్పు చేసి పంచుకోవచ్చు. వంట సగం అవుతుంది, మిగలడం తగ్గుతుంది. ఇంకొక పెద్ద మేలు ఉంది. ఒక పూట అవ్వ గిన్నె తెచ్చుకోవడానికి రాకపోతే, పొరుగువారు తలుపు తట్టి చూస్తారు. చక్కెర పడిపోయినా, కాలు జారి పడినా ఆ తలుపు తట్టడమే ప్రాణం కాపాడవచ్చు.

చివరిగా, దూరాన పనిచేస్తున్న కొడుకులకు, కూతుళ్లకు ఒక మాట. ఫోనులో "తిన్నావా అమ్మా?" అని అడిగితే, మీ మనసు నొచ్చుకోకూడదని ఆ తల్లి "తిన్నాను నాయనా" అనే అంటుంది. "ఈ పొద్దు ఏమి వండుకున్నావు? పప్పు చేసుకున్నావా? మాత్ర తిండికి ముందు వేసుకున్నావా, తరువాతనా?" అని అడగండి. రెండు మూడు రోజులు వరుసగా "ఏదో ఒకటి తిన్నాలే" అనే జవాబు వస్తే, పొరుగింటికి ఒక ఫోను చేయండి. అవసరమైతే మా దగ్గరకు పంపండి. బరువు చూస్తాము, మందులు చూస్తాము, ఏమి వండుకోవాలో కూర్చోబెట్టి చెబుతాము.