ఏడు రోజుల్లో మూడు కిలోలు తగ్గవచ్చునా?

2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్ క్రీడలు జరిగినప్పుడు మీలో చాలామంది టీవీల ముందు కూర్చునే ఉంటారు. మన మల్లయోధురాలు వినేశ్ ఫోగట్ 50 కిలోల విభాగంలో ఒకే రోజున మూడు కుస్తీలు గెలిచి ఫైనలుకు చేరింది. మరునాడు ఉదయం బరువు చూశారు. 50 కిలోల 100 గ్రాములు! ఆ వంద గ్రాముల కోసం ఆమెను పోటీ నుంచి తప్పించారు. ఆ వార్త విని బాధపడనివారు లేరు.

అయితే ఆ వార్తలోనే ఇంకొక సంగతి ఉంది. మొదటి రోజు కుస్తీలు ముగిసిన తర్వాత, తిన్న తిండీ తాగిన నీరూ కలిసి ఆమె బరువు పరిమితికన్నా 2.7 కిలోలు ఎక్కువగా ఉన్నదని జట్టు వైద్యుడు చెప్పారు. ఆ రాత్రంతా ఆమెకు నిద్ర లేదు. చెమటలు కారేలా వ్యాయామం చేసింది. ఆవిరి గదిలో కూర్చున్నది. తిండి లేదు, నీరు లేదు. చివరికి జుట్టు కూడా కత్తిరించారు. తెల్లవారేసరికి 2.6 కిలోలు పోయాయి. వంద గ్రాములు మిగిలాయి.

ఒక్క రాత్రిలో రెండున్నర కిలోలకు పైగా! ఆ బరువంతా ఎక్కడికి పోయింది? అదంతా కొవ్వేనా?

ఈ ప్రశ్న నాకు ఊరికే రాలేదు. మా బస్టాండు గోడ మీద ‘ఏడు రోజుల్లో మూడు కిలోలు – గ్యారంటీ’ అని ఒక కాగితం అంటించి ఉంది. మీ ఊళ్ళోనూ ఉండే ఉంటుంది. ఫోనులోనైతే ఇలాంటివి రోజుకు పది కనిపిస్తాయి. మా వీధిలో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి ఒకతె ఆ మాట పట్టుకొని అన్నం, ఇడ్లీ, చపాతీ అన్నీ మానేసింది. వారం తర్వాత ఒకనాటి సాయంత్రం మా ఇంటికి వచ్చి, “మాస్టారూ! రెండు కిలోలు తగ్గాను. వారానికి రెండు చొప్పున నెలకు ఎనిమిది తగ్గుతాను కదూ?” అని అడిగింది. ముఖం వాడిపోయి ఉంది. గుణకారం మాత్రం సరిగ్గానే ఉంది.

మొదట మనం ఇంకొక లెక్క చేద్దాం. కాగితం, పెన్సిలు తీసుకోండి.

స్వచ్ఛమైన కొవ్వు ఒక గ్రాము ఖర్చయితే సుమారు 9 కేలరీల శక్తి వస్తుంది. (ఆహారం గురించి మాట్లాడేటప్పుడు కేలరీ అంటే మీ భౌతికశాస్త్ర పుస్తకంలోని కిలోకేలరీ అని గుర్తుంచుకోండి.) మన ఒంట్లోని కొవ్వు పూర్తిగా కొవ్వు కాదు, అందులో కొంత నీరు కూడా ఉంటుంది. కనుక ఒంటి కొవ్వు ఒక కిలో తగ్గాలంటే సుమారు 7,700 కేలరీలు లోటు పడాలి. మూడు కిలోలకు 23,100. దానిని ఏడు రోజులకు పంచితే రోజుకు 3,300 కేలరీలు.

కుర్చీలో కూర్చొని పనిచేసే పెద్దమనిషి రోజు మొత్తం మీద ఖర్చు చేసేదే ఇంచుమించు 2,100 కేలరీలు. అంటే ఆయన వారం రోజులపాటు మెతుకు ముట్టకుండా ఉన్నా, లోటు 14,700 దాటదు. దానికి కరిగే కొవ్వు రెండు కిలోలకు కాస్త తక్కువ. ఉపవాసం ఉన్నవాడికే రెండు కిలోలు కరగనప్పుడు, పూటపూటా ఏదో ఒకటి తింటూ ఉన్నవాడికి మూడు కిలోల కొవ్వు ఎలా కరుగుతుంది? కరగదు. ఇందులో వైద్యం తెలియవలసిన పని కూడా లేదు. భాగహారం వస్తే చాలు.

ఆ రెండు కిలోలు ఏమిటి మరి?

“కాని మాస్టారూ, యంత్రం అబద్ధం చెబుతుందా?” అని ఆ అమ్మాయి నిలదీసింది. చెప్పదు. రెండు కిలోలు తగ్గిన మాట నిజమే. తగ్గినదేమిటో యంత్రం చెప్పలేదు, అంతే.

మనం తిన్న అన్నంలోని పిండిపదార్థం గ్లూకోజుగా మారుతుంది. వెంటనే అవసరం లేని గ్లూకోజును శరీరం గ్లైకోజెన్ అనే రూపంలో దాచుకుంటుంది. ఇంట్లో రేపటికోసం బియ్యం డబ్బా నింపి ఉంచినట్టన్న మాట. పెద్దవారిలో కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాలలో సుమారు 400 గ్రాములు గ్లైకోజెన్ ఉంటుంది. ఇది పొడిగా ఉండదు. ప్రతి గ్రాము తనతో పాటు దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుకుంటుంది. అరకిలో గ్లైకోజెన్, దానితో కిలోన్నర నీరు, వెరసి రెండు కిలోలు! అన్నం, గోధుమలు మానేస్తే మొదటి కొద్ది రోజుల్లోనే ఈ డబ్బా చాలావరకు ఖాళీ అవుతుంది. అందులోని నీరు మూత్రంగా వెళ్ళిపోతుంది. మళ్ళీ రెండు రోజులు అన్నం తింటే డబ్బా నిండుతుంది, నీరూ తిరిగి చేరుతుంది.

అందుకే ఇటువంటి పద్ధతులన్నీ మొదటి వారం అద్భుతంగా కనిపిస్తాయి. ప్రకటనలు కూడా ఎప్పుడూ మొదటి వారం గురించే గొప్పలు చెబుతాయి గమనించండి. ఇరవయ్యో వారంలో ఏమయిందో చెప్పే కాగితం నేను ఏ గోడ మీదా చూడలేదు.

ఇంతకీ బరువుకు మోసపోకుండా, బరువుతోనే నిజం వెతికిన మనిషి ఒకరున్నారు. ఇటలీలోని పాదువా విశ్వవిద్యాలయంలో పనిచేసిన సాంక్టోరియస్ అనే వైద్యుడు పెద్ద త్రాసుకు ఒక కుర్చీ వేలాడదీసి, అందులో కూర్చొని భోజనం చేసేవాడు. తిన్నదీ తాగినదీ, మలమూత్రాలుగా పోయినదీ, అన్నీ తూచి రాసుకునేవాడు. ఒకరోజు రెండు రోజులు కాదు, ముప్పై ఏళ్ళు! ఆ ఫలితాలను 1614లో పుస్తకంగా వేశాడు. లోపలికి వెళ్ళినది ఎనిమిది పౌన్లయితే మలమూత్రాలుగా కనిపించినది మూడు పౌన్లే. మిగతా అయిదు పౌన్లు కంటికి కనపడకుండా పోతున్నాయని ఆయన తేల్చాడు. చర్మం నుంచీ ఊపిరి నుంచీ ఆవిరిగా పోయేదే అది.

ఆయన చేసినది మీరు ఒక్క రోజు చేసి చూడవచ్చు. బరువు చూసే యంత్రం ఉన్నచోట నిలబడి బరువు చూసుకోండి. అరలీటరు నీళ్ళు తాగి వెంటనే మళ్ళీ నిలబడండి. అరకిలో ‘లావయ్యారు’! రాత్రి పడుకునేముందు ఒకసారి, తెల్లవారి లేచి మూత్రానికి వెళ్ళి వచ్చాక ఒకసారి చూడండి. ఈసారి ‘సన్నబడ్డారు’. నిద్రలో మీరు ఏ వ్యాయామం చేశారు గనుక?

కొవ్వు నిజంగా కరిగినప్పుడు ఎక్కడికి పోతుంది? చెమటగా పోతుందని కొందరంటారు, వేడిగా మారిపోతుందని కొందరంటారు. కొంతమంది వైద్యులే ఇలా పొరపాటు పడుతున్నారని 2014లో ఆస్ట్రేలియాకు చెందిన రూబెన్ మీర్మన్, ఆండ్రూ బ్రౌన్ గమనించి, అణువుల లెక్క కట్టి చూపించారు. పది కిలోల కొవ్వు పూర్తిగా ఖర్చయితే అందులో 8.4 కిలోలు కార్బన్ డై ఆక్సైడుగా ఊపిరితోనే బయటికి పోతుంది. 1.6 కిలోలు మాత్రమే నీరవుతుంది. నడుముకు చుట్టుకొని చెమట పట్టించే బెల్టులు కొవ్వును కరిగించలేవని దీనితో తేలిపోయింది కదా! చెమటగా పోయిన నీరు ఒక గ్లాసెడు మజ్జిగతో తిరిగి వచ్చేస్తుంది.

నీటిని పోగొట్టుకోవడం కేవలం వృథా ప్రయాస అయితే నవ్వి ఊరుకోవచ్చు. కాని 1997 చివరిలో అమెరికాలో దాదాపు నెలరోజుల వ్యవధిలో ముగ్గురు కళాశాల మల్లయోధులు పోటీ బరువుకు దిగడంకోసం వేడిలో వ్యాయామం చేస్తూ, నీరు మానేసి ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ తర్వాత అక్కడి కళాశాల కుస్తీ నియమాలనే మార్చవలసి వచ్చింది.

‘మా బాబాయి తగ్గాడు’

ఇక్కడ మీలో ఒకరు లేచి, “మా బాబాయి అన్నం మానేసి ఆరు నెలల్లో పన్నెండు కిలోలు తగ్గాడు, మళ్ళీ పెరగలేదు” అనవచ్చు. నిజమే అయి ఉంటుంది. ఆయనను మెచ్చుకోవలసిందే. అయితే ఒక ప్రశ్న: అన్నం మానినందుకే తగ్గాడా? అదే సమయంలో సాయంత్రం బజ్జీలు, సీసా పానీయాలు కూడా మానేశాడేమో! వాటిని మాత్రమే మాని, అన్నం తింటూ ఉంటే ఎంత తగ్గేవాడు? ఒక్క బాబాయితో ఇది తేలదు. ఇద్దరు బాబాయిలు కావాలి. ఇంకా నయం, కొన్ని వందలమంది కావాలి.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో క్రిస్టఫర్ గార్డ్‌నర్ బృందం సరిగ్గా ఈ పని చేసింది. 609 మంది పెద్దవారిని తీసుకొని, చీట్లు వేసినట్లుగా రెండు జట్లు చేశారు. ఒక జట్టు కొవ్వు తగ్గించి తినాలి. రెండవ జట్టు పిండిపదార్థాలు తగ్గించి తినాలి. ఏ జట్టులో చేరాలో ఎవరికి వారు ఎంచుకోవడానికి వీల్లేదు. అలా ఎంచుకోనిస్తే పట్టుదల ఉన్నవారంతా ఒకే పక్క చేరవచ్చు. ఏడాది తర్వాతి ఫలితాలను 2018లో ప్రచురించారు. కొవ్వు తగ్గించినవారు సగటున 5.3 కిలోలు, పిండిపదార్థం తగ్గించినవారు 6 కిలోలు తగ్గారు. పరీక్షలో ఈపాటి తేడాను తేడాగా లెక్కవేయరు.

అంతకంటె విచిత్రమేమిటంటే, ప్రతి జట్టులోనూ పాతిక కిలోలకు పైగా తగ్గినవారూ ఉన్నారు, బరువు పెరిగినవారూ ఉన్నారు. పాతిక కిలోలు తగ్గినవారి ఫోటోలు మాత్రమే గోడకెక్కిస్తే ఏ పద్ధతయినా అద్భుతమే! రెండు జట్లవారికీ ఒకే విధంగా చెప్పిన మాటలు కొన్ని ఉన్నాయి: చక్కెర, మైదా వంటివి తగ్గించండి, కూరగాయలు బాగా తినండి, వీలైనంతవరకు ఇంట్లో వండుకోండి. ఆ మాటలను ఎవరూ డబ్బాలో పోసి అమ్మలేరు. బహుశా అందుకే వాటికి ప్రకటనలు లేవు.

ప్రచారంలో ఉన్నవన్నీ బూటకమనుకోకండి. ‘రోజుకు పదివేల అడుగులు’ అన్న మాటే తీసుకోండి. అది ఏ ప్రయోగశాలలోనూ పుట్టలేదు. 1965లో జపానులో ఒక కంపెనీ నడుముకు తగిలించుకునే అడుగుల మీటరును అమ్మకానికి పెట్టి, దానికి ‘మాన్‌పో-కెయ్’ అని పేరు పెట్టింది. పదివేల అడుగుల మీటరు అని దాని అర్థం. సరకు పేరే సలహాగా మారి ప్రపంచమంతా తిరిగింది. 2019లో అమెరికాలో 16,741 మంది వృద్ధస్త్రీల నడకను లెక్కించి చూశారు. రోజుకు 2,700 అడుగులు వేసేవారికన్నా 4,400 వేసేవారిలో తరువాతి నాలుగేళ్ళలో మరణాలు 41 శాతం తక్కువ. సుమారు 7,500 దాటాక అదనపు మేలు కనిపించలేదు. ఆరోగ్యం బాగున్నవారే ఎక్కువ నడుస్తారేమో అనే అనుమానం మీకు వస్తే మంచిదే, రావాలి కూడా. ఆ పరిశోధకులు వీలైనంతవరకు దానిని లెక్కలోకి తీసుకున్నారు. మొత్తం మీద పదివేలు అన్న అంకెకు మహిమ లేదు, నడకకు మాత్రం ఉంది. మీ వయసువారికి అడుగుల లెక్కకన్నా ఆటలే మేలు. అయిదు నుంచి పదిహేడేళ్ళవారు రోజుకు సగటున గంటసేపు ఒళ్ళు వేడెక్కేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది.

కండలు పెంచే పొడుల కథ దీనికి తలకిందులు. జిమ్ములలో అమ్మే క్రియేటిన్ విషయం చూడండి. కండరాలలో దీనికి సంబంధించిన ఫాస్ఫోక్రియేటిన్ అనే పదార్థాన్ని 1927లో వెలుగులోకి తెచ్చినవారిలో ఒకరు, భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారే. క్షణాల్లో బలమంతా చూపవలసిన పరుగులకు, బరువులెత్తడానికి ఇది పెద్దవారికి కొంత సాయపడుతుందని పరీక్షల్లో తేలింది. కాని వాడడం మొదలుపెట్టిన మొదటి వారంలోనే కిలో పెరిగితే సంబరపడేవారు తెలుసుకోవలసినది ఒకటుంది. ఆ కిలోలో ఎక్కువ భాగం కండరాల్లో చేరిన నీరే! మళ్ళీ నీరే. ఇక మాంసకృత్తుల పొడుల సంగతికి వస్తే, కండలకోసం వాటి జోలికి పోవద్దని, పప్పు, పాలు, గుడ్లు వంటి ఆహారం నుంచే మాంసకృత్తులు పొందమని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సూచించింది.

ఇంతకూ ఆ అమ్మాయి సంగతి చెప్పలేదు కదూ! “ఇంతకుముందు నీ ఎత్తు ఎప్పుడు కొలిచారు?” అని అడిగాను. ఎనిమిదో తరగతి మొదట్లో బడిలో కొలిచారట. గుమ్మానికి ఆనించి నిలబెట్టి టేపుతో కొలిచాం. ఏడాదిన్నరలో నాలుగు సెంటీమీటర్లు పెరిగింది. “ఈ నాలుగు సెంటీమీటర్ల ఎముకకూ కండకూ బరువుండదా?” అంటే కాసేపు ఆలోచించి, “ఉంటుంది” అంది. మీ వయసులో బరువు పెరగడం జబ్బు కాదు. ఎవరికైనా ఎత్తుకు మించి పెరుగుతున్నదని అనుమానం వస్తే, ఎత్తూ బరువూ వయసూ మూడూ కలిపి చూసి చెప్పగలిగిన వైద్యుడి దగ్గరకు వెళ్ళాలి. గోడకు మన వయసెంతో తెలియదు.

మరునాడు మధ్యాహ్నం ఆ అమ్మాయి డబ్బాలో పప్పన్నం తీసుకువెళ్ళింది. బుధవారం వచ్చి, “మాస్టారూ, కిలోన్నర తిరిగొచ్చేసింది. డబ్బా నిండింది!” అని నవ్వింది.

బస్టాండు గోడ మీది కాగితం మాత్రం అలాగే ఉంది. ఈ మధ్య ‘మూడు’ మీద చిన్న ముక్క అంటించి ‘అయిదు’ చేశారు. అయిదు కిలోలను 7,700తో గుణించి ఏడుతో భాగించండి. రోజుకు ఎన్ని కేలరీలు వస్తాయో చూడండి.