ముందు బ్రేకు పడితే బోర్లా పడతామా?

ఏటూరునాగారం గోదావరి ఒడ్డున, అడవి అంచున ఉన్న ఊరు. ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉండేది; 2019 నుంచి ములుగు జిల్లాలో ఉంది. వరంగల్, ములుగు, తాడ్వాయిల మీదుగా వచ్చే పెద్ద రోడ్డు అడవిని చీల్చుకుంటూ ఈ ఊరికి చేరుతుంది. గోదావరి వైపు వెళితే వరద నీటిని ఆపే కరకట్ట కనిపిస్తుంది. ఇలాంటి చోట సైకిలు తొక్కేవారికి పశువులో, మేకలో, కోతులో అడ్డం రావటం కొత్తేమీ కాదు.

ఈ రోడ్డు మీద తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి సైకిలుపై బడికి వెళుతున్నదనుకుందాం. గంటకు 18 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 5 మీటర్ల వేగంతో పోతున్నది. సరిగ్గా 8 మీటర్ల ముందు, పొదల్లోంచి ఒక లేగదూడ రోడ్డు మీదికి దూకి నిలబడింది. ఆ అమ్మాయికి సైకిలు నేర్పిన రోజున తాత ఒక మాట చెప్పాడు: "ముందట బ్రేకు పట్టకు బిడ్డా, ఎగిరి బొక్కబోర్ల పడతవ్!"

ఈ మాట మీరూ వినే ఉంటారు. తాత చెప్పినదాంట్లో నిజం ఉంది. గట్టిగా బ్రేకు వేసి, హాండిలు మీదుగా ఎగిరిపడి, చేతులూ పళ్ళూ విరగగొట్టుకున్నవారు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. మరి ఆ అమ్మాయి వెనక బ్రేకు ఒక్కటే పడితే దూడకు తగలకుండా ఆగగలదా? ముందుగా, మనిషి ఎందుకు ఎగిరి పడతాడో చూద్దాం.

జడత్వం చెప్పేది సగమే

"సైకిలు ఆగింది, మనిషి ఆగలేదు. అదే జడత్వం" అని మీలో చాలామంది వెంటనే జవాబు చెబుతారు. కదిలే వస్తువు తనంతట తాను ఆగదని న్యూటన్ 1687లో అచ్చయిన తన గ్రంథంలో సూత్రీకరించాడు. ఆ సూత్రం ఇక్కడా వర్తిస్తుంది.

కానీ ఆలోచించండి. బస్సు బ్రేకు వేసినప్పుడు మనం ముందుకు తూలుతాం. బస్సు మాత్రం పల్టీ కొట్టదు. సైకిలు విషయంలో మనిషితోపాటు సైకిలు కూడా లేస్తుంది. వెనక చక్రం గాలిలోకి లేచి, మొత్తం ముందు చక్రం మీదుగా తిరగబడుతుంది. దీనికి కారణం తెలియాలంటే జడత్వంతోపాటు మరో సంగతి చూడాలి: బలం ఎక్కడ పనిచేస్తున్నది?

బ్రేకు వేసినప్పుడు సైకిలును ఆపే బలం నేలనుంచి వస్తుంది. అది టైరు నేలను తాకే చోట, వెనక్కి నెట్టే ఘర్షణ బలం. కానీ ముందుకు పోవాలని చూసే బరువు ఎక్కడ ఉంది? మనిషి బరువూ సైకిలు బరువూ కలిపి ఒకే బిందువు దగ్గర ఉన్నట్టు లెక్క వేయవచ్చు. దాన్నే గరిమనాభి అంటాం. సీటు మీద కూర్చున్న మనిషికి అది సుమారుగా బొడ్డు ఎత్తున ఉంటుంది. అంటే ఆపే బలం నేల దగ్గర, ఆగవలసిన బరువు పైన! కింద కాలికి ఏదో తట్టుకుంటే మనం ముందుకు పడతామే, ఇదీ అంతే.

ఆ బరువును వెనక్కి పట్టి ఉంచేది ఏమిటి? బరువే! గరిమనాభి ముందు చక్రానికి కొంత వెనకగా ఉంటుంది కనుక భూమ్యాకర్షణ వెనక చక్రాన్ని కిందికే అదిమి ఉంచుతుంది. ముందు చక్రం నేలను తాకే చోటును ఇరుసుగా భావించండి. ఆ ఇరుసు చుట్టూ ఒక పోటీ జరుగుతుంది. బ్రేకు సైకిలును ముందుకు తిప్పాలని చూస్తుంది. బరువు వెనక్కి తిప్పాలని చూస్తుంది. ఇలా తిప్పే సామర్థ్యాన్ని భౌతికశాస్త్రంలో భ్రామకం అంటారు. బలాన్ని ఇరుసునుంచి ఉన్న లంబ దూరంతో గుణిస్తే భ్రామకం వస్తుంది.

ఒక చిన్న లెక్క

మన అమ్మాయి బరువు 42 కిలోలు, సైకిలు 18 కిలోలు, మొత్తం 60 కిలోలు అనుకుందాం. లెక్క తేలికగా ఉండటానికి గురుత్వ త్వరణాన్ని 10గా తీసుకుంటే బరువు 600 న్యూటన్లు. గరిమనాభి నేలనుంచి 110 సెంటీమీటర్ల ఎత్తున, ముందు చక్రం నేలను తాకే చోటుకు 66 సెంటీమీటర్ల వెనక ఉన్నదనుకుందాం. రెండు చక్రాల మధ్య దూరం 115 సెంటీమీటర్లు.

బరువు భ్రామకం: 600 × 0.66 = 396.
బ్రేకు భ్రామకం: బ్రేకు బలం × 1.10.

ఈ రెండూ సమానమయ్యేది బ్రేకు బలం 360 న్యూటన్లు అయినప్పుడు. అది మొత్తం బరువులో 0.6 వంతు. అంతకు మించితే వెనక చక్రం లేస్తుంది. ఈ 0.6 ఎక్కడనుంచి వచ్చింది? 66ను 110తో భాగిస్తే వచ్చింది. మనిషి లావా సన్నమా అన్నదానితో పని లేదు. గరిమనాభి ఎంత వెనక ఉంది, ఎంత ఎత్తున ఉంది అన్న నిష్పత్తి ఒక్కటే ముఖ్యం.

ఇప్పుడు రోడ్డు సంగతి చూడండి. పొడి తారు రోడ్డుకూ రబ్బరు టైరుకూ మధ్య ఘర్షణ గుణకం సుమారు 0.7 ఉంటుంది. అంటే రోడ్డు బరువులో 0.7 వంతు వరకు పట్టు ఇవ్వగలదు, సైకిలేమో 0.6 దగ్గరే తిరగబడుతుంది. టైరు జారేలోపే మనిషి ఎగిరిపోతాడు! కారులో గరిమనాభి కిందుగా ఉంటుంది, చక్రాల మధ్య దూరం ఎక్కువ. ఆ నిష్పత్తి ఒకటికి బాగా మించి ఉంటుంది. అందుకే కారు గట్టిగా బ్రేకు వేస్తే జారుతుందే కాని మూతిమీద నిలబడదు.

వెనక బ్రేకు ఎందుకు ఎగరెయ్యదు?

సైకిలు నిలకడగా ఉన్నప్పుడు మన 60 కిలోలలో 34 కిలోలు వెనక చక్రం మీద ఉంటాయి. బ్రేకు వేయగానే భారం ముందుకు మళ్ళుతుంది. బ్రేకు బలం బరువులో సగానికి చేరితే వెనక చక్రం మీద మిగిలేది సుమారు 6 కిలోలే.

వెనక బ్రేకు ఒక్కటే నొక్కితే ఏమవుతుంది? సైకిలు నెమ్మదించే కొద్దీ వెనక చక్రం తేలికవుతుంది. తేలికయ్యే కొద్దీ దాని పట్టు తగ్గి అది జారుతుంది. కనుక వెనక బ్రేకు ఎప్పటికీ సైకిలును తిరగబడేలా చేయలేదు. కానీ అదే కారణంచేత గట్టిగా ఆపనూ లేదు. మన లెక్కలో అది ఇవ్వగలిగిన బలం బరువులో 0.24 వంతు మాత్రమే.

ముందు చక్రం సంగతి దీనికి తలకిందులు. బ్రేకు వేసే కొద్దీ దానిమీద భారం పెరుగుతుంది, పట్టు పెరుగుతుంది. అందుకే ముందు బ్రేకు అంత బాగా ఆపుతుంది. అందుకే అంత ప్రమాదం కూడా.

దూడ దగ్గరకు తిరిగి వద్దాం

దూడను చూసి, వేళ్ళు బ్రేకును పట్టుకునే లోపల సుమారు ఒక సెకను గడుస్తుంది. ఆ సెకనులో సైకిలు 5 మీటర్లు పోతుంది. మిగిలింది 3 మీటర్లు.

వెనక బ్రేకు మాత్రమే పడితే ఆగటానికి మరో 5.2 మీటర్లు కావాలి. దూడకు గుద్దుకోవటం ఖాయం. ముందు బ్రేకును కూడా అదుపుగా వాడి, బరువులో సగం బలంతో ఆపితే 2.5 మీటర్లు చాలు. దూడకు అర మీటరు ఇవతల ఆగవచ్చు.

ఇదే కరకట్ట మీదనుంచి దిగే వాలులో అయితే? పది మీటర్లకు ఒక మీటరు దిగే వాలు అనుకోండి. బరువులో పదో వంతు బలం సైకిలును కిందికి లాగుతూనే ఉంటుంది. వెనక బ్రేకుకు 9 మీటర్ల దాకా కావాలి. రెండూ అదుపుగా వాడితే 3 మీటర్లకు కాస్త ఎక్కువ చాలు. తాత మాటను తుచ తప్పకుండా పాటించినా దెబ్బ తప్పదన్నమాట!

పెద్ద చక్రం సైకిలు కథ

1870లలో ఇంగ్లండులో పెన్నీ-ఫార్దింగ్ అనే సైకిలు వాడుకలో ఉండేది. ముందు చక్రం మనిషి ఛాతీ ఎత్తు, వెనకది చిన్నది. పెన్నీ పెద్ద నాణెం, ఫార్దింగ్ చిన్న నాణెం. అందుకే ఆ పేరు. అప్పట్లో పెడళ్ళు నేరుగా ముందు చక్రానికే బిగించేవారు. చక్రం ఎంత పెద్దదైతే ఒక్కో తొక్కుడుకు అంత దూరం పోవచ్చు.

కానీ తొక్కేవాడు దాదాపు ముందు చక్రం నెత్తిమీదే కూర్చోవాలి. గరిమనాభి చాలా ఎత్తున ఉంటుంది, వెనక ఉన్న దూరమేమో కొంచెమే. నిష్పత్తి బాగా చిన్నది. బ్రేకు కాస్త గట్టిగా వేసినా, రాయి తగిలినా మనిషి తలకిందులుగా పడేవాడు. కొందరు పల్లం దిగేటప్పుడు కాళ్ళు హాండిలు మీదుగా ముందుకు చాపుకొని కూర్చునేవారు. పడితే తలకు బదులు కాళ్ళమీద పడదామని!

1885లో జాన్ కెంప్ స్టార్లీ కోవెంట్రీ నగరంలో "రోవర్" అనే సైకిలు తయారుచేశాడు. గొలుసుతో వెనక చక్రాన్ని తిప్పటం వల్ల పెద్ద చక్రంతో పని లేకపోయింది. సీటు కిందికి, వెనక్కి వచ్చింది. ఇలాంటి సైకిలుకు "సేఫ్టీ" అని పేరు వచ్చింది. మనం నేడు తొక్కుతున్నది దాని వంశమే.

మరికొన్ని చిక్కులు

మట్టి బాట, కంకర, ఇసుక: ఇక్కడ పట్టు తక్కువ. ముందు చక్రం తిరగబడటానికి బదులు జారిపోతుంది. మనిషి పక్కకు పడతాడు. ఇలాంటి చోట ముందు బ్రేకును చాలా సుతారంగా వాడాలి. మలుపులో అసలు గట్టిగా పట్టకూడదు. మలుపుకు ముందే వేగం తగ్గించుకోవాలి.

వాన: మెరుగు పెట్టిన ఉక్కు రిమ్ములు తడిస్తే బ్రేకు రబ్బర్లు జారతాయి. బ్రేకు పడటం లేదని బలమంతా పెట్టి నొక్కుతాం. చక్రం కొన్ని చుట్లు తిరిగేసరికి నీరు తుడుచుకుపోయి, రబ్బరు ఒక్కసారిగా పట్టుకుంటుంది. అప్పుడే ప్రమాదం. వానలో ముందుగానే బ్రేకును తేలికగా ఆనించి రిమ్మును తుడిచి, తరవాత ఆపాలి.

హాండిలుకు తగిలించిన సంచి, గొడుగు: ఇవి ముందు చక్రం పుల్లల్లో ఇరుక్కుంటే చక్రం చటుక్కున ఆగిపోతుంది. బ్రేకు ముట్టుకోకుండానే ఎగిరి పడతాం. బరువులు వెనక క్యారియరు మీద కట్టండి.

ముందు కడ్డీ మీద స్నేహితుడు: గరిమనాభి ముందుకు జరుగుతుంది, నిష్పత్తి తగ్గుతుంది. ఇద్దరూ కలిసి ఎగిరే అవకాశం పెరుగుతుంది.

మరి ఎలా ఆపాలి?

రెండు బ్రేకులూ కలిపి వాడండి. ఒక్కసారిగా గుంజకుండా, నిమ్మకాయ పిండినట్టు క్రమంగా బిగించండి. చేతులు గట్టిగా చాపి శరీరాన్ని వెనక్కి నెట్టండి. పిరుదులు సీటు వెనక భాగానికి జరపండి. ఛాతీ కొంచెం వంచండి. గరిమనాభి 6 సెంటీమీటర్లు వెనక్కి, 10 సెంటీమీటర్లు కిందికి జరిగితే నిష్పత్తి 72/100, అంటే 0.72 అవుతుంది. 0.6 ఎక్కడ, 0.72 ఎక్కడ! వెనక చక్రం జారటం మొదలైందంటే అది తేలికవుతున్నదని హెచ్చరిక. వెంటనే ముందు బ్రేకు కొంచెం వదలండి.

చేసి చూడండి

1. సైకిలు ఎక్కకుండా, పక్కన నడుస్తూ నెట్టండి. ముందు బ్రేకు పట్టండి: వెనక చక్రం లేస్తుంది. ఈసారి వెనక బ్రేకు పట్టండి: చక్రం నేలమీద ఈడుస్తుంది. మీ సైకిలుకు ఏ చేతి పిడి ఏ చక్రానిదో కూడా ఇప్పుడే గుర్తుపెట్టుకోండి.

2. స్నేహితుడు సైకిలును కదలకుండా పట్టుకోగా సీటు మీద కూర్చోండి. బొడ్డు దగ్గరనుంచి రాయి కట్టిన దారాన్ని కిందికి వదలండి. దారం నేలను తాకే చోటునుంచి ముందు చక్రం నేలను తాకే చోటుకు ఉన్న దూరం కొలవండి. బొడ్డు ఎత్తు కూడా కొలవండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. అదే ఇంచుమించుగా మీ సైకిలు నిష్పత్తి. వెనక్కి జరిగి మళ్ళీ కొలవండి. ఎంత మారింది?

3. వాహనాలు రాని ఖాళీ మైదానంలో, నెమ్మదైన వేగంతో, రెండు బ్రేకులతో ఆగటం రోజూ కొంత సేపు సాధన చేయండి.

తాత భయం అబద్ధం కాదు. అయితే భయపడవలసింది ముందు బ్రేకును చూసి కాదు, దాన్ని వాడటం రాకపోవటాన్ని చూసి. ఈ లెక్క ఇంటికి వెళ్ళి తాతకు కూడా చెప్పండి. ఆయన సైకిలు నిష్పత్తి ఎంతో కొలిచి చూపండి!