మంచుబరిలో మొలకెత్తు యౌవనము

కెనడా దేశపు పశ్చిమభాగమున సాస్కచెవాన్ అను రాష్ట్రము గలదు. దాని వైశాల్యము ఆరున్నర లక్షల చదరపు కిలోమీటర్లు. 2021 జనాభా లెక్కల ప్రకారము అందు నివసించువారు 11 లక్షల 30 వేలమంది మాత్రమే. కనుచూపు మేర గోధుమచేలు, వానినడుమ విసిరివేసినట్లు చిన్న చిన్న పట్టణములు. శీతకాలమున చలి సున్నకు 30 డిగ్రీలు దిగువకు పోవుటయు గలదు. అట్టి రాత్రులలో ఊరివారందరు చేరు తావు మంచుబరి. అచ్చట జరుగునది హాకీ.

మనమెరిగిన పచ్చికబయలి హాకీ వేరు, ఇది వేరు. నున్నని మంచుగడ్డపై, పాదరక్షల క్రింద ఉక్కుకత్తులు బిగించుకొని, జట్టునకు ఆరుగురు చొప్పున జారుచు ఆడుదురు. బంతికి బదులు మూడంగుళముల అడ్డుకొలత గల రబ్బరు బిళ్ల. ఇరువది నిమిషముల చొప్పున మూడు విడతలు. రెప్పపాటు కాలములో బిళ్ల బరి ఈ కొననుండి ఆ కొనకు పోవును.

ఈ రాష్ట్రమున యువకులకై 1968లో ‘సాస్కచెవాన్ జూనియర్ హాకీ లీగ్’ ఏర్పడినది. హంబోల్ట్, నిపావిన్, మెల్‌ఫర్ట్, ఎస్టెవాన్, యార్క్‌టన్ వంటి చిన్న ఊళ్లు దీనికి ఆయువుపట్టులు. పొరుగు రాష్ట్రమైన మానిటోబా సరిహద్దున నున్న గనులపట్టణము ఫ్లిన్ ఫ్లాన్ గూడ నిందు పాల్గొనును. ఆటగాండ్రు పదునారు మొదలు ఇరువది యేండ్ల ప్రాయమువారు. వారికి జీతములు లేవు. దూరపు ఊళ్లనుండి వచ్చిన బాలురకు స్థానిక కుటుంబములే తమ యిండ్లలో గది యిచ్చి, అన్నము పెట్టి, కన్నబిడ్డలవలె చూచుకొనును. హాకీబలముతో అమెరికా కళాశాలలలో విద్యార్థివేతనము పొందవలెనని కొందరి యాశ. వృత్తిక్రీడాకారులు కావలెనని మరికొందరి కల. పెక్కుమందికి ఈ లీగే తుదిమెట్టు.

లీగునకు బరి యెంత ముఖ్యమో బస్సు నంత ముఖ్యము. ఫ్లిన్ ఫ్లాన్ నుండి దక్షిణపు కొసనున్న ఎస్టెవాన్‌కు 600 కిలోమీటర్లకు మించిన దూరము. పందెము ముగిసిన పిదప రాత్రికి రాత్రి మంచుదారులపై తిరుగుప్రయాణము చేయుట ఆ బాలురకు నిత్యకృత్యము. ఆ బస్సులోనే పాఠములు చదువుదురు, పేకాడుదురు, నిద్రింతురు. స్నేహములు చిక్కబడునది అచ్చటనే.

2018 ఏప్రిల్ 6వ తేదీ సాయంకాలము హంబోల్ట్ జట్టు ‘బ్రాంకోస్’ నిపావిన్‌తో పోటీకి బయలుదేరినది. ఉపాంత్య ఘట్టమున అది ఐదవ ఆట. నాలుగింటిలో మూడు ఓడియుండుటచే గెలువక తప్పని ఆట. జట్టువారందరు ఒక్కటిగా నుండవలెనని జుట్టునకు పసుపువన్నె వేయించుకొనిరి. దారిలో ఒక కూడలికడ ఆగవలెనను గుర్తును దాటివచ్చిన సరకు లారీ బస్సునకు అడ్డముగా వచ్చినది. బస్సులో నున్నవారు 29 మంది. మరణించినవారు 16 మంది: పదిమంది ఆటగాండ్రు, ఇరువురు శిక్షకులు, వైద్యసహాయకురాలు, బస్సు చోదకుడు, రేడియో వ్యాఖ్యాత, లెక్కలు వ్రాయు యువకుడు. మిగిలిన 13 మందియు గాయపడిరి. కొందరి కాళ్లలో చలనము శాశ్వతముగా పోయినది. అందరి జుట్టు నొకే వన్నె యగుటచే, బ్రతికిన బాలుని మరణించినవానిగను, మరణించినవానిని బ్రతికినవానిగను పొరబడిన విషాదము గూడ జరిగినది.

హంబోల్ట్ సుమారు ఆరువేల జనాభా గల పట్టణము. అచ్చట ఈ దుఃఖము సోకని యిల్లు లేదు. దేశమంతట ప్రజలు ఇంటిముంగిట హాకీకర్ర నుంచి, రాత్రి దీపము నార్పక సంతాపము తెలిపిరి.

లారీ చోదకుడు భారతదేశమునుండి వలసవెళ్లిన యువకుడు. ఆ పనిలో చేరి కొలది వారములే యైనది. విచారణ కోరక నేరము నంగీకరించెను. 2019 మార్చిలో న్యాయస్థానము ఎనిమిదేండ్ల కారాగారము విధించినది. బిడ్డలను కోల్పోయినవారిలో కొందరు అతనిని క్షమించిరి, కొందరు క్షమింపజాలమనిరి. ఇరుపక్షముల కన్నీరును ఒక్కటే కనుక ఎవరిని తప్పుపట్టగలము? అయితే ఆ దినమువరకు ఆ రాష్ట్రమున భారీ లారీ నడుపుటకు తప్పనిసరి శిక్షణ యన్నది లేకుండెను. 2019 మార్చినుండి కనీసము 121న్నర గంటల శిక్షణ విధియైనది. 2020 సెప్టెంబరునుండి కొత్తగా నిర్మించు పెద్ద బస్సులకు నడుముపట్టీలుండవలెనని కెనడా ప్రభుత్వము నిర్ణయించినది.

మృతులలో లోగన్ బూలే అను యువకుడొకడు. తన శిక్షకు డొకరు 2017లో మరణించి, అవయవదానముచే ఆరుగురికి ప్రాణము పోసిన సంగతి అతని మనసున నాటుకొన్నది. తానును అట్లే దానపత్రము వ్రాసెదనని తండ్రితో చెప్పి, వ్రాసెను. వారములు గడువకమునుపే ఆ మాట చెల్లించవలసి వచ్చినది. అతని అవయవములును ఆరుగురికి చేరినవి. ఆ వార్త విని లక్షకు పైగా కెనడావాసులు దాతలుగా నమోదు చేసికొనిరి. నేడు ఏప్రిల్ 7వ తేదీ అచ్చట ‘ఆకుపచ్చ చొక్కా దినము’.

2018 సెప్టెంబరు 12న హంబోల్ట్ బరిలో మరల ఆట మొదలైనది. ప్రత్యర్థి నిపావినే. కొత్త జట్టులో, ఆ బస్సునుండి బ్రతికి బయటపడినవారు ఇరువురు. ఆనాడు బ్రాంకోస్ ఒకటికి రెండు తేడాతో ఓడిరి. ఆ ఓటమిని ఎవరును పట్టించుకొనలేదు. తరువాతి పందెము పొరుగూరిలోనే కాబట్టి, ఆ పిల్లలు మరల బస్సెక్కవలసియే యుండిరి; ఎక్కిరి.