ఆకాశమునుండి హైదరాబాదు

మబ్బులేని దినమున విమానపు కిటికీనుండి హైదరాబాదు పడమటి భాగమును జూచినచో, గండశిలల నడుమ మిన్నంటు మేడలు గానవచ్చును. 1998లో సైబర్ టవర్సు వెలసిన పిమ్మట మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతములు క్రొత్త నగరమై పెరిగినవి. ఆ మేడల నడుమనే దుర్గము చెఱువును, దానిపై 2020లో తెఱచిన తీగెల వంతెనయు ముచ్చట గొల్పును.

పైనుండి చూచువారికి చెఱువులు కనబడును గాని, వానిని గలుపు కాలువలు చాలచోట్ల కనబడవు. ఒకదాని పొర్లునీరు వేఱొకదానిని జేరునట్లు పూర్వులు గొలుసుకట్టుగా చెఱువులు త్రవ్వించిరి. ఆ దారులపై నిపుడు ఇండ్లు లేచినవి. 1908లో మూసీ వఱద వేలమందిని బలిగొనగా, విశ్వేశ్వరయ్యగారి సలహాపై ఉస్మాన్ సాగరము, హిమాయత్ సాగరము నిర్మింపబడెను. అయినను 2020 అక్టోబరు వానలకు పెక్కు కాలనీలు నీట మునిగెను.

కావున ఇల్లు కొనదలచునపుడు అంతస్తులనే గాక, ఆ నేలపై పూర్వము నీరెటు పాఱెడిదో విచారింపుడు. ముందుగా మునుగునది మన వంటయిల్లే గదా!