టికెట్ల ఏజెన్సీకి బీమా రక్షణ



బళ్లారి, హోసూరు, బరంపురం, షోలాపూరు, యానాం, ఏ ఊరైనా సరే, బస్టాండు పక్క వీధిలో టికెట్లు బుక్ చేసే ఏజెన్సీ ఒకటి కనిపిస్తుంది. రెండు కుర్చీలు, ఒక కంప్యూటరు, గోడమీద బస్సుల వేళల పట్టిక. “ఇక్కడ పోవడానికేముంది, బీమా ఎందుకు?” అంటాడు యజమాని. కిరాణా కొట్టులో సరుకు కంటికి కనిపిస్తుంది. టికెట్ల వ్యాపారంలో సరుకు కనిపించదు. అక్కడ ఉన్నది ఇతరుల డబ్బు, ఇతరుల ప్రయాణం. పూచీ మాత్రం యజమానిది. అందువల్ల సామానుకు బీమా ఉంటే చాలదు, పూచీకి కూడా ఉండాలి. మీరు ఇలాంటి ఏజెన్సీ నడుపుతున్నా, నడపబోతున్నా ఈ తేడా తెలుసుకోవడం అవసరం.

ముందు సామాను సంగతి చూద్దాం. 1996 నవంబరు తుఫాను యానాం పెద్దలకు గుర్తుండే ఉంటుంది. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను బరంపురానికి దగ్గరలోనే తీరం దాటింది. చిన్న వ్యాపారాల కోసం 2021 ఏప్రిల్ 1 నుంచి ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ అనే పాలసీ అమల్లోకి వచ్చింది. ఒక చోట ఉన్న ఆస్తి విలువ 5 కోట్ల రూపాయలు మించని వ్యాపారాలకు ఇది వర్తిస్తుంది. అగ్ని ప్రమాదం, తుఫాను, వరద వంటివి ఇందులోకి వస్తాయి. ప్రీమియం తగ్గుతుందని సామాను విలువ బాగా తగ్గించి రాయించకండి. 4 లక్షల సామానును 2 లక్షలకే రాయిస్తే, నష్టం జరిగినప్పుడు పరిహారం కూడా ఆ లెక్కనే కోత పడుతుంది.

ఇక డబ్బు. పండుగల ముందు గల్లాపెట్టె నిండుతుంది. ఆ సొమ్ము బ్యాంకుకు తీసుకువెళ్తుంటే దారిలో ఎవరైనా లాక్కుంటే ‘మనీ ఇన్సూరెన్స్’ ఆదుకుంటుంది. రాత్రివేళ తాళం పగలగొట్టి దొంగతనం చేస్తే దానికి బర్గ్లరీ పాలసీ వేరు. మన దగ్గర పనిచేసే గుమాస్తాయే డబ్బు వాడుకుంటే? దానికి ‘ఫిడెలిటీ గ్యారంటీ’ అనే మరొక పాలసీ ఉంది. ఏది తీసుకున్నా రోజువారీ లెక్క రాసి ఉండాలి. లెక్క లేకపోతే ఎంత పోయిందో నిరూపించలేం.

అన్నిటికన్నా ముఖ్యమైనది, చాలామంది ఆలోచించనిది, పొరపాటు. ఒక ఉదాహరణ చెబుతాను. మన పంచాంగంలో వారం సూర్యోదయంతో మారుతుంది. రైల్వేవారి తేదీ అర్ధరాత్రితో మారుతుంది. “శుక్రవారం రాత్రి పన్నెండుం పావు బండికి” అని ఒక పెద్దాయన అడుగుతాడు. గుమాస్తా శుక్రవారం తేదీ వేస్తాడు. ఆ బండి గురువారం రాత్రే వెళ్ళిపోయింది! రైల్వే లెక్కలో ఆయన ఎక్కవలసినది శనివారం బండి.

ఇంకొకటి పేర్లు. మనకు ఇంటిపేరు ముందు. తమిళనాడులో తండ్రి పేరులోని మొదటి అక్షరం ముందు. మహారాష్ట్రలో తన పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు. రెండు మూడు తరాలుగా ఈ రాష్ట్రాల్లో స్థిరపడిన మనవాళ్ళ కాగితాల్లో ఈ పద్ధతులన్నీ కలిసిపోయి ఉంటాయి. విమానం టికెట్టు మీద పేరు పాస్‌పోర్టుతో సరిపోకపోతే ప్రయాణం ఆగిపోవచ్చు. ఏజెన్సీకి వచ్చే కమిషను కొన్ని వందలు. ప్రయాణికుడు అడిగే నష్టం వేలల్లో, ఒక్కోసారి లక్షల్లో ఉంటుంది.

ఇందుకు పనికివచ్చేది ‘ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ’, అంటే వృత్తిలో జరిగిన పొరపాటుకు బీమా. అజాగ్రత్త వల్ల చట్టప్రకారం చెల్లించవలసిన పరిహారం, అనుమతితో పెట్టిన కోర్టు ఖర్చులు, పాలసీ పరిమితి మేరకు ఇందులో వస్తాయి. రెండు సంగతులు గుర్తుంచుకోండి. ఒకటి, సాధారణంగా ప్రయాణికుడు పరిహారం అడిగిన నాటికి పాలసీ అమల్లో ఉండాలి. కాబట్టి మధ్యలో రెన్యూవల్ తప్పనివ్వకండి. రెండు, కంపెనీకి తెలియజేయకుండా “తప్పు మాదే, ఇంత ఇస్తాం” అని రాసి ఇస్తే క్లెయిముకు ఇబ్బంది వస్తుంది. అలాగని ప్రయాణికుణ్ణి నడిరోడ్డున వదిలేయకూడదు. మరో బండి చూసిపెట్టండి, అదే రోజు కంపెనీకి కబురు చేయండి. బుకింగుకు ముందే పేరు, వారం, తేదీ, వేళ ఒక చీటీ మీద రాసి ప్రయాణికుడి చేత సంతకం చేయించుకుంటే సగం తగాదాలు ఉండవు. ఆ చీటీ ఆయన చదవగలిగే భాషలో ఉండాలి.

బీమా కిందికి రానివీ ఉన్నాయి. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్, 2023 మేలో గో ఫస్ట్ విమానాలు ఆగిపోయాయి. ఇలా విమాన సంస్థ దివాలా తీసి ఇరుక్కుపోయిన డబ్బును మామూలు పాలసీలు ఇవ్వవు. అనుమతి లేకుండా రైలు టికెట్ల వ్యాపారం చేయడం 1989 రైల్వే చట్టం 143వ సెక్షను కింద నేరం. నేరానికి బీమా రక్షణ దొరకదు. రైలు టికెట్టుతో కొనే ప్రయాణ బీమా ప్రయాణికుడిదే, ఏజెన్సీది కాదు.

కంపెనీ అన్యాయంగా క్లెయిము తిరస్కరిస్తే ముందు వారికే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెల గడిచినా జవాబు లేకపోతే, లేదా జవాబు నచ్చకపోతే, ఏడాదిలోగా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. సొంత పేరుతో నడిపే వ్యాపారులకు, సూక్ష్మ సంస్థలకు ఈ సౌకర్యం ఉంది. ఫీజు లేదు, వకీలుతో పని లేదు. 50 లక్షల రూపాయల వరకు పరిహారం ఇప్పించవచ్చు. బళ్లారి వారికి బెంగుళూరు, హోసూరు వారికి చెన్నై, బరంపురం వారికి భువనేశ్వర్, షోలాపూరు వారికి పుణె కార్యాలయాలు. యానాం పుదుచ్చేరిలో భాగమే అయినా, అక్కడివారు వెళ్ళవలసినది చెన్నైకి కాదు, హైదరాబాదుకు.

పాలసీ తీసుకునేముందు ఏజెంటును మూడు ప్రశ్నలు అడగండి. ఏ నష్టానికి ఇస్తారు? ఏ నష్టానికి ఇవ్వరు? నా చేతి నుంచి ఎంత పెట్టుకోవాలి? ఈ మూడింటికీ జవాబు పాలసీ కాగితంలో చూపించమనండి. మనల్ని నమ్మి ప్రయాణం కట్టినవారికి మనం చూపే బాధ్యత అక్కడే మొదలవుతుంది.