ఉందుమా? పోదుమా?

వానకాలమున భద్రాచలము వైపు ఆడపిల్లనిచ్చిన యిండ్లలో ఫోను మ్రోగినప్పుడెల్ల గుండె ఝల్లుమనును. మా కారేపల్లి గోదావరి యొడ్డున లేదు. ఇది డోర్నకలునుండి కొత్తగూడెమునకు పోవు రైలుదారిలోని యూరు. ఇల్లెందు బొగ్గుగనులకు పూర్వము రైలుశాఖ చీలినదియు నిచ్చటనే. మా వైపు నీరు మున్నేరు, వైరాల దారిని కృష్ణను చేరును గాని గోదావరిని చేరదు. అయినను కొత్తగూడెము దాటి యడవిలో సుమారు నలుబది కిలోమీటర్లు పోయిన భద్రాద్రి వచ్చును. అచ్చటి వరద ఇచ్చటి వంటయిండ్లలో వినబడును. ఆ వినికిడిని గూర్చి సోదరీమణులకు ఒక్క సంగతి మనవిచేయ దలచినాను. అది నా తప్పుతో మొదలగును.

2022వ సంవత్సరము జూలై 13వ తేది రాత్రి మా ఆడబిడ్డ భద్రాచలమునుండి ఫోను చేసినది. కరకట్టకు చేరువలో పల్లపు వీధిలో వారి యిల్లు. ఇంట ముసలి యత్తగారు, ఇద్దఱు పిల్లలు, రెండు గేదెలు. "వదినా, నీరు పెరుగుచున్నదట. మమ్ము రమ్మందువా, ఉండి చూడమందువా?" అని యడిగినది. నిజము చెప్పవలెనన్న, ఆ దినమున మా యింట నాట్ల పని. కూలివారికి వండిపెట్టి నడుము వాల్చుకొన్న క్షణమది. మఱి యైదుగురు వచ్చిన ఎట్లు సర్దుదునా యని మనస్సున ఒక్క మాట మెదలినది. "తెల్లవారనిమ్ము, చూతము" అంటిని. అచ్చట ఆమె యత్తగారును అదియే యనుచుండెనట. "ఎనుబదియాఱులో మన గోడమీద నిలువెత్తు నీరు నిలిచిన మాట నిజమే. అప్పుడు కట్ట లేదు. ఇప్పుడు కట్ట యున్నది గదా! ఇల్లు విడిచి నేనెక్కడికిని రాను" అని మంచము పట్టుకొని కూర్చున్నదట.

ముసలామె మాట తీసివేయదగినది కాదు. 1986వ సంవత్సరము ఆగష్టు 16వ తేదిన భద్రాచలమున గోదావరి 75.6 అడుగుల మట్టమునకు వచ్చినది. అంతకు మించిన మట్టము అక్కడ నేటివరకు నమోదు కాలేదు. నాడు దిగువకు పోయిన నీరు ఇరువదియేడు లక్షల క్యూసెక్కులు. దానిని కన్నులార చూచి బ్రదికిన స్త్రీకి వరదయన్న నేమో మనకంటె నెక్కువ తెలియును. ఆమెకు తెలియని దొక్కటే. కట్ట నదిని లోనికి రానీయదు, సరియే. ఊరిలో కురిసిన వాననీరు నదిలోనికి పోవుటకు ఆ కట్టలో తూములుంచిరి. నది యెత్తుకు లేచినప్పుడు ఆ తూములు మూయక తప్పదు. మూసిన పిమ్మట వాననీరు పోవుటకు దారి లేదు. మోటార్లు పెట్టి యెంత తోడినను పల్లపు వీధులు నిండును. రామాలయపు పరిసరములలో సైతము నీరు నిలుచుట ఇందువలననే. నది కట్టకు వెలుపల నుండగానే ఇల్లు మునుగుట యన్న ఇదియే.

మఱునాడు, 14వ తేది సాయంకాలమున భద్రాచలము వంతెనమీద రాకపోకలు నిలిపివేసిరి. 1965లో ప్రారంభమైన యా వంతెనను 1986 వరద పిమ్మట మరల మూయుట అదియే. "చూతము" అన్న నా మాటకు గడువు అంతటితో తీరినది. వారికి ఇక మా యిల్లు లేదు, మాకు వారి యిల్లు లేదు, నడుమ గోదావరి. ఆ రాత్రి మోకాటిలోతు నీటిలో, విద్యుత్తు లేని చీకటిలో, పిల్లలను చంకనెత్తుకొని, ముసలామెను కుర్చీలో కూర్చుండబెట్టి నలుగురు మోయగా వారు బడిలో పెట్టిన పునరావాస కేంద్రమునకు చేరిరి. 16వ తేదికి నీటిమట్టము 71.3 అడుగులకు పోయినది. మనుష్యులందఱు దక్కిరి. ముసలామె చక్కెరవ్యాధి మందులు మాత్రము ఇంటనే యుండిపోయి, రెండు దినములు ఆమె కన్నులు తేలవేసినదట. గేదెలు కట్టకు వెలుపల పాకలో నుండెను. ఆ తొందరలో ఒకదాని పలుపు విప్పిరి. రెండవదానిది మఱచిరి.

ఆ గేదెను గూర్చి మా ఆడబిడ్డ నన్నొక్క మాటయు నన్నది కాదు. అందువలననే నాకది మఱపునకు రాదు.

ఇల్లు విడుచుటకు మన మేల వెనుదీయుదుము? మగవారు పిఱికితనమని తేల్చివేయుదురు గాని కారణము లున్నవి. తాళము వేసిన యిల్లు దొంగలపాలగునని భయము. కేంద్రములో వందమంది నడుమ మఱుగు లేదు. స్నానమెట్లు, నెలసరి వచ్చిన నెట్లు? ఇవి పైకి చెప్పుకొనజాలని బాధలు, కాని స్త్రీ కాలు కదలకుండుటకు ఇవి చాలును. ఇటువంటి కేంద్రములు నడపువారు బియ్యము, పప్పు లెక్కించుటతో పాటు తలుపున్న మఱుగుదొడ్లను గూడ లెక్కించిన, సగము కుటుంబములు పిలువకయే వచ్చును. మఱియొక కారణము ఇంకను చిన్నది, ఇంకను బలమైనది. పోయిన పిదప నీరు రాకున్న ఇరుగుపొరుగువారు నవ్వుదురు. మూడు పర్యాయములు మూటగట్టి మూడు పర్యాయములు తిరిగివచ్చిన యిల్లాలు నాలుగవసారి కదలదు. నీరు వచ్చునది ఆ నాలుగవసారియే కావచ్చును.

సముద్రతీరపు సోదరీమణులకు ఈ ప్రశ్న వేఱు రూపమున వచ్చును. వారికి గాలియు నీరును కలిసి వచ్చును. అమెరికా దేశమున తుపాను వచ్చుచున్నదనిన కిటికీలకు పలకలు కొట్టుదురు. అద్దము పగిలి గాలి లోన జొరబడిన, అది లోపలినుండి పైకప్పును లేపివేయును; పలక దానికి అడ్డము. మన తీరమున పూరిపాకలకు మోకులు బిగించుటయు నట్టిదే. పలకయు మోకును గాలికి పనికివచ్చును గాని, పొంగి వచ్చు సముద్రమునకు పనికిరావు. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదిన దివిసీమమీద ఉప్పెన సుమారు ఐదు మీటర్ల యెత్తున వచ్చిపడినప్పుడు ఇంట దాగినవారే యెక్కువగా పోయిరి. మృతులు పదివేలవరకు నుందురని లెక్క. 1990 మే నెలలో అంతటి తుపానే మచిలీపట్టణము వైపు వచ్చినది. ఆ పర్యాయము ఆఱు లక్షలకు పైబడిన జనులను ముందుగా తరలించిరి; మృతుల సంఖ్య వేయికి లోపుగా నిలిచినది. గాలి తగ్గలేదు, సముద్రము తగ్గలేదు. జనులు ముందుగా కదలిరి, అంతే.

గోదావరి వరద ఉప్పెనవలె ఒక్క గడియలో రాదు. ఇందులో మనకొక మేలున్నది. ప్రాణహిత కాళేశ్వరమువద్ద కలియును. ఆ దిగువను ఇంద్రావతి కలియును. ఆ నీరంతయు పేరూరు, ఏటూరునాగారము, దుమ్ముగూడెముల మీదుగా రావలెను. ఎగువ మట్టములు రేడియోలోను, ఫోనులోను తెలియుచునే యుండును. దిగువ కూనవరమువద్ద శబరి పొంగి యున్నచో గోదావరి ముందునకు సాగక ఎగదన్నును. అప్పుడు మన లెక్కకంటె నీరు త్వరగా పెరుగును. భద్రాచలమువద్ద 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది.

ఇచ్చటనే మనము పొరబడుదుము. మనము ఈ యంకెలను మన గడపతో పోల్చుకొందుము. "మూడవ హెచ్చరికకును మన మెట్లు తడియవు, ఇంకను సమయమున్నది" అని గుండె దిటవు చేసికొందుము. కాని ఇల్లు మునుగుటకు చాల ముందుగా దారి మునుగును. బూర్గంపాడు వైపు కిన్నెరసాని యెగదన్ని రోడ్డుమీదికి వచ్చును. చర్ల, దుమ్ముగూడెము మార్గమున వాగులు పొర్లి పల్లెలను దీవులుగా జేయును. కావున తెలిసికొనవలసినది ఇల్లు మునుగు అడుగు కాదు, దారి మునుగు అడుగు. మీ యూరి పెద్దముత్తైదువ నడుగుడు: "గోదారి ఎన్ని యడుగులున్నప్పుడు మన దారి తెగినది?" అని. ఆమె తడుముకొనక చెప్పును. ఆ యంకెను వంటయింటి గోడమీద బొగ్గుతో వ్రాసి యుంచుడు. నీరు దానికి నాలుగైదు అడుగుల దిగువ నుండగానే, పగటివేళ, కదలవలెను. మా ఆడబిడ్డ యింటి గోడమీద ఇప్పుడు రెండు గీతలున్నవి. పైది అత్తగారి యెనుబదియాఱు. క్రిందిది రెండువేల యిరువదిరెండు. వాని ప్రక్కను అడుగుల యంకె యొకటి క్రొత్తగా వ్రాసినది.

కదలునప్పుడు చేయవలసిన పని మీకు నేను నేర్పనక్కఱలేదు. అయినను మఱచునవి కొన్ని చెప్పెదను. పట్టాదారు పాసుపుస్తకము, ఆధారు, రేషను కార్డు, బ్యాంకి పుస్తకము, పిల్లల మార్కుల కాగితములు ఒక ప్లాస్టికు సంచిలో మూతి బిగించి ఆషాఢము రాకముందే ఉంచుకొనవలెను. పెద్దల మందులు పదిదినములకు సరిపడ అందులోనే. గ్యాసు బండ నీటిపై తేలి కొట్టుకొనిపోవును. మూసి, గొళ్లెమునకు కట్టివేయవలెను. మెయిను స్విచ్చి ఆర్పుట మగవారికి విడువకుడు. పశువులను వెంట తోలుకొనిపోజాలనిచో పలుపులు విప్పి మెట్టకు వదలుడు. గేదె ఈదజాలినదే, కట్టుకొయ్యయే దాని ప్రాణము తీయునది. తిరిగివచ్చిన పిదప తడిసిన బట్టలగుట్టలో చేయి పెట్టకముందు కఱ్ఱతో కదపుడు, పాములు చేరియుండును. నీరు కాచియే త్రాగవలెను.

2023 జూలై చివర గోదావరి మరల మూడవ హెచ్చరికను దాటినది. ఈ పర్యాయము ఫోను మ్రోగలేదు. ఒక మధ్యాహ్నము ఆటో వచ్చి మా వాకిట నిలిచినది. అందులోనుండి మొదట దిగినది ఆ యత్తగారే, చంకలో మందుల సంచితో. "ఏమమ్మా, నీరు రాకున్న నవ్వుదురేమో!" అని నేను పరిహాసమాడితిని. "నవ్వనీ, వారును ఇచ్చటికే వచ్చి నవ్వుదురుగాక" అనెను. వారు మాయింట వారము దినములుండిరి. వండుట కష్టమైన మాట దాచను.

ఇట్లు వ్రాసినందున వరద యన్నప్పుడెల్ల ఇల్లు విడువవలెనని తలపకుడు. మా వైపు వాగుల సంగతి అందులకు పూర్తిగా ఎదురు. గోదావరి దినములు గడువిచ్చును; వాగు గంటలును ఈయదు. 2024వ సంవత్సరము ఆగష్టు 31వ తేది రాత్రి మా ప్రాంతమున కురిసిన వాన నేను పుట్టి యెఱుగను. తెల్లవారి, ఆదివారము, మేము ఖమ్మమున ఒక పెండ్లికి పోవలసియుండెను. చీరలు తీసి పెట్టితిమి, బండి మాటలాడుకొంటిమి. వేకువజామున మా ఆడబిడ్డ ఫోను చేసినది. "వదినా, బయలుదేరితివా?"

"ఇదిగో, గంటలో."

"పోవద్దు. అన్నయ్యను బండి తీయనీయకు. మాకు దారి తెగకముందే కదలుమని వ్రాసికొంటిమి. నీకు దారి ఇప్పటికే తెగినది. చీకటిలో నీకు కానరాదు. గడప దాటకు."

మా వారు గొణిగిరి. పెండ్లివారేమనుకొందురన్నారు. నేను తాళపుచెవి తీసి బియ్యపు డబ్బాలో వేసితిని. ఎనిమిది గంటలకు ఒక్కొక్క కబురే వచ్చినది. కేసముద్రము వద్ద రైలుపట్టాల క్రింది కంకర కొట్టుకొనిపోయి పట్టాలు గాలిలో వ్రేలాడుచున్నవట. ఆకేరు దాటబోయిన కారొకటి కొట్టుకొనిపోయినదట. అందలివారు దక్కలేదని పిదప తెలిసినది. ఖమ్మమున మున్నేటి యొడ్డు వీధులలోని జనులు మేడలమీదికెక్కి గంటలకొలది సాయమునకై చేతులూపుచుండిరి. పెండ్లి ఎచ్చట జరిగినదో, జరిగినదో లేదో, మాకు మూడు దినములవరకు తెలియలేదు.

సాయంకాలమునకు వాన తెఱపి యిచ్చినప్పుడు ఆమెకు ఫోను చేసితిని. ఇద్దఱమును కొంతసేపు ఏమియు మాటలాడలేదు. పిమ్మట ఆమె, "గేదె ఈనినది వదినా, పెయ్యదూడ" అనినది.