ఆ మాత్ర వారానికి ఒక్కసారే ఎందుకు?

గుంటూరు బ్రాడీపేటలో మీ అమ్మమ్మకు కీళ్లవాతం ఉంటే, డాక్టరు చీటీలో మెథోట్రెక్సేట్ అనే పేరు ఉండొచ్చు. దాన్ని వారానికి ఒక్కసారే వేసుకోమంటారు. ఎందుకు?

ముందు జబ్బు సంగతి చూద్దాం. మన తెల్లరక్తకణాలు క్రిములతో పోరాడతాయి. రుమటాయిడ్ కీళ్లవాతంలో అవే కణాలు పొరబడి, మన కీళ్ల లోపొరపైనే దాడి చేస్తాయి. అందుకే వేళ్లు వాస్తాయి, పొద్దున లేవగానే బిగుసుకుపోతాయి. ఏళ్ల తరబడి అలాగే వదిలేస్తే కీళ్లు వంకరపోతాయి.

మరి మందు ఎలా పనిచేస్తుంది? కణాలు పెరగాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. మెథోట్రెక్సేట్ అచ్చం దానిలాగే ఉండి, తాళంలో దూరి తిరగని తాళంచెవిలా, ఫోలిక్ ఆమ్లంతో పనిచేసే ఎంజైములో ఇరుక్కుంటుంది. పెద్ద మోతాదులో క్యాన్సర్ కణాలను అడ్డుకుంటుంది. చిన్న మోతాదులో అడినోసిన్ అనే పదార్థాన్ని పెంచి, రెచ్చిపోయిన తెల్లకణాలను శాంతింపజేస్తుంది. కణాల్లో చాలా రోజులు నిలిచి ఉంటుంది కాబట్టి వారానికి ఒక్కసారి చాలు. పొరపాటున రోజూ వేసుకుంటే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది.

ఈ మందు వెనుక తెలుగు శాస్త్రవేత్త కృషి ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో నడిపిన బృందం ఫోలిక్ ఆమ్లాన్నీ, దాన్ని అడ్డుకునే మందులనూ తయారుచేసింది. ఆయన 1948లో కన్నుమూశారు. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడకాన్ని అమెరికా 1988లో ఆమోదించింది.

మీ ఇంట్లో ఎవరైనా ఈ మాత్ర వాడుతుంటే, మాత్ర వేసుకునే రోజును క్యాలెండరులో గుర్తుపెట్టే బాధ్యత మీరు తీసుకోండి. డాక్టరు చెప్పిన రక్తపరీక్షలు తప్పనివ్వకండి.